సీళ్లు నీటిలో వినుట, పలుకుట

వేసవిలో చెరువులోనో దిగుడుబావిలోనో ఈదిన పిల్లలందరికి ఒక ఆట తెలిసియుండును. ఒకడు నీట మునిగి రెండు గులకరాళ్లను ఒకదానితో నొకటి కొట్టును. అవతలి గట్టు దగ్గర మునిగియున్న రెండవవాడు ఆ ‘టక్కు టక్కు’మను చప్పుడును తన తలలోనే ఎవరో కొట్టినట్లు వినును. తుంగతుర్తి ప్రాంతపు చెరువులలో ఈదినవారికి మేము దీనిని క్రొత్తగా చెప్పనక్కరలేదు. కాని ఆ చప్పుడు ఏ వైపునుండి వచ్చినదని అడిగినచో వాడు చెప్పలేడు. గట్టుమీద నున్నప్పుడు కన్నులు మూసికొనియైనను పిలిచినవాని దిక్కు చెప్పగల పిల్లవాడు నీటిలో దిక్కు తెలియనివాడగును. ఈ చిక్కునుండియే నేటి మా ప్రసంగము మొదలగుచున్నది.

గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నీటిలో దాని వేగము సుమారు 1,500 మీటర్లు. 1826లో కొలడాన్, స్టుర్మ్ అను ఇరువురు స్విట్జర్లాండులోని జెనీవా సరస్సుమీద దీనిని కొలిచిరి. ఒక పడవనుండి నీటిలో గంట కొట్టి, అదే క్షణమున పైన తుపాకిమందు వెలిగించిరి. దూరమున నున్న రెండవ పడవలో ఒకరు ఆ వెలుగును చూచి, నీటిలోనికి దించిన బాకావంటి గొట్టముతో గంటను విని, నడిమి కాలమును లెక్కించిరి. 1,435 మీటర్లు వచ్చినది. చన్నీటికి ఆ లెక్క నేటికిని సరిపోవును. మన తుంగతుర్తికి సముద్రతీరము సుమారు 200 కిలోమీటర్లు. అంత దూరమును దాటుటకు శబ్దమునకు గాలిలో దాదాపు పది నిమిషములు కావలెను. నడుమ అంతయు నీరే అయినచో రెండుంబావు నిమిషములు చాలును.

మన రెండు చెవులకు నడుమ తల యున్నది. ఒక చెవికి ముందు, రెండవ చెవికి రవంత తరువాత శబ్దము చేరుట చేతనే మనకు దిక్కు తెలియును. నీటిలో ఆ తేడా నాల్గవ వంతునకు తగ్గిపోవును. అంతేగాక శబ్దము చెవిరంధ్రముతో పనిలేకుండ కపాలపుటెముకల గుండనే లోనికి చొచ్చుకొనివచ్చును. కనుకనే పిల్లవాడు దారి తప్పినాడు.

మరి నీటిలోనే బ్రతుకు ప్రాణుల మాటేమి? మన చెరువు చేపలు చెవిటివి కావు. బొచ్చె, శీలావతి, జెల్ల మొదలగువానికి గాలితిత్తినుండి చెవివరకు చిన్న చిన్న ఎముకల గొలుసు ఒకటి కలదు. దానిని వేబర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1820లో వర్ణించెను. గాలితిత్తి తప్పెటవలె అదురును, ఆ అదురు ఎముకల వెంట చెవికి పోవును. తేనెటీగల నాట్యమును చదివి 1973లో నోబెల్ బహుమానము పొందిన ఫాన్ ఫ్రిష్, అంతకు చాలకాలము ముందే, ఈల వేసినంతనే మేతకై వచ్చు గ్రుడ్డి చేప నొకదానిని గూర్చి 1923లో వ్రాసెను. అదియు జెల్లల బంధువే. ఇక జెల్లను చేతపట్టినవారికి అది ముల్లు నిక్కించి ‘కిర్రు’మనుట తెలియును. ఆ చప్పుడు నోటిది కాదు. ముల్లు మొదలు తన గూటిలో రాచుకొనుటచే పుట్టినది.

సీలు చేప కాదు. పాలిచ్చి పిల్లలను పెంచు జంతువు. కుక్కలకును ఎలుగుబంట్లకును దూరపు బంధువు. మన నదులలో నీటికుక్కను చూచినవారు దానిని ఎంతో లావు చేసి, కాళ్లకు బదులు తెడ్లు పెట్టి ఊహించుకొనవచ్చును. మన తీరమున సీళ్లు లేవు. కాని దక్షిణధ్రువ ఖండమున మన దేశము 2012లో నెలకొల్పిన ‘భారతి’ కేంద్రము వైపునకు పోయినవారికి మంచుమీద పడుకొన్న వెడెల్ సీళ్లు కనబడును.

సీలు చెవిని ప్రకృతి రెండు లోకములకు సరిపడ చేసినది. అసలు సీళ్లకు పైకి చెవిదొప్ప లేదు, చిన్న రంధ్రమే యుండును. మునుగగానే అది మూసికొనిపోవును. నడిమిచెవి గోడలలోని మెత్తని కండ రక్తముతో ఉబ్బి, లోతునందలి ఒత్తిడిని సరిచేయును. నీటిలో మన పిల్లవానికి తెలియని దిక్కు సీలుకు తెలియును. మన చెవి సెకనుకు 20,000 కంపనములు దాటిన శబ్దమును వినలేదు. నీటిలోని సీలు 50,000 దాటినవానిని కూడ వినును.

ఇక గొంతు. వెడెల్ సీళ్లు గట్టిమంచు క్రింద బ్రతుకును. మంచులో శ్వాసరంధ్రము మూసికొనిపోకుండ పండ్లతో గీరి గీరి తెరచి యుంచుకొనవలెను. ఆ పనిలో పండ్లరిగి కొన్ని ముసలిసీళ్లు నశించును. గంటకు పైగా మునుగగల జంతువే అయినను తుదకు ఆ రంధ్రమునకు రావలసినదే. జతకట్టు ఋతువులో మగసీలు అట్టి రంధ్రముల క్రింది నీటిని తన పొలమని కాచుకొనును. ఆ పొలపుగట్టు శబ్దముతో కట్టినది. నోరు మూసి, ముక్కు మూసి, లోపలి గాలినే అటు నిటు త్రిప్పి అది దీర్ఘమైన కూత పెట్టును. పైస్థాయిలో మొదలై క్రమముగా దిగివచ్చు ఆ కూత, మంచుమీద గుడారములో పడుకొన్నవారికి నేలనుండి పైకి వినబడును. 2020లో ప్రకటించిన పరిశోధన ప్రకారము ఈ సీళ్లు మన చెవికందని స్థాయిలో కూడ తొమ్మిది రకముల కూతలు కూయును. ఎందులకో ఇంకను తేలలేదు.

ఉత్తరధ్రువమున గడ్డపుసీలు కలదు. మగదాని కూత ఒక్కటే నిమిషమునకు మించి సాగును, కిలోమీటర్ల కొలది పోవును. అక్కడి వేటగాండ్రు తెడ్డును నీటిలో ముంచి, దాని పిడికి చెవినానించి దానిని వినెడివారు. జెనీవా సరస్సులోని గొట్టముకన్న ఆ తెడ్డే మాకు చిత్రముగా తోచినది. ఏ విశ్వవిద్యాలయమును వారికి దానిని చెప్పలేదు.

చీకటి నీటిలో సీలు ఆహారమును ఎట్లు పట్టును? డాల్ఫిన్లు శబ్దమును పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని బట్టి చేపను గుర్తించును. ఒడిశాలోని చిల్కా సరస్సు డాల్ఫిన్లకును ఆ విద్య కలదు. సీలు బంధువైన సముద్రసింహమునకు కూడ అదే విద్య యున్నదని 1963లో పోల్టర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాదించెను. అది నమ్మదగిన ఊహయే. ఏండ్ల తరబడి పరీక్షలు సాగినవి. రుజువు దొరకలేదు. 2001లో జర్మనీ పరిశోధకులు ఒక పెంపుడు సీలుకు కన్నులు కప్పి, చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగిరి. ఒక బొమ్మ జలాంతర్గామిని నీటిలో కొంతదూరము నడిపి ఆపిన పిదప హెడ్‌ఫోన్లు తీసి దానిని వదలిరి. సీలు తిన్నగా ఆ బొమ్మ పోయిన త్రోవనే, మలుపులతో సహా, పట్టుకొని పోయెను. మీసములకు తొడుగు వేసినప్పుడు త్రోవ దొరకలేదు. చేప ఈదిపోయిన తరువాత కూడ నీటిలో మిగిలియుండు సుడులను అది మీసములతో చదువును. కనుక సీలుకు శబ్దము వేటకత్తి కాదు. జతకు పిలుపు, పొలమునకు కంచె, తల్లికిని పిల్లకును గుర్తు.

ఆ గుర్తులన్నియు నేడు ఓడల యంత్రముల హోరుతో పోటీపడవలసి వచ్చినది. ఓడ హోరు చాలవరకు క్రిందిస్థాయి శబ్దము, అది నీటిలో బహుదూరము పోవును. మన రేడియో తరంగములు సముద్రములోనికి కొద్దిపాటి లోతునకును దిగలేవు, కాని ఇంజను చప్పుడునకు అడ్డులేదు. ఉత్తరమున మంచు పలుచబడినకొలది క్రొత్త ఓడదారులు తెరచుకొనుచున్నవి. గడ్డపుసీలు కూత అందు దూరము ఆ మేరకు కురచయగును.

ఇది దూరపు సంగతి యని శ్రోతలు అనుకొనవచ్చును. చెరువులోను నదిలోను తూటాలు ప్రేల్చి చేపలు పట్టువారు మన దేశమున ఉన్నారు. 1897 నాటి భారత మత్స్యచట్టమే దానిని నిషేధించినది, అయినను పూర్తిగా మానలేదు. ప్రేలుడు శబ్దమై నీటిలో నలుదిక్కులకు పోవును. చేపకు ఏ గాలితిత్తి చెవికి తోడైనదో ఆ గాలితిత్తియే ముందు పగులును. పెద్దచేప, చిన్నచేప, ఇంకను వ్రేలెడు కాని పిల్ల, అన్నియు ఒక్కసారే చచ్చును. పడవవాడు ఏరుకొనునది తేలిన కొన్నింటినే. తిత్తి పగిలినవి చాలవరకు మునిగి, అడుగు బురదలో కుళ్లిపోవును.