బిడ్డ కాలు కదపడం లేదని తల్లి చెబితే

(కర్నూలులో మహిళా, ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునే చోట పసిపిల్లల కీళ్ళ జబ్బు గురించి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. గృహహింస, కూలి రేట్లు, సారా, భూమి మనం ఎప్పుడూ చర్చించే విషయాలే. కానీ బిడ్డకు పెద్ద జబ్బు చేసినప్పుడు ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతోంది, ఎవరి పని పోతోంది, నింద ఎవరి మీద పడుతోంది అని చూస్తే, మన ప్రశ్నలన్నీ అక్కడే కనిపిస్తాయి. అందుకే ఈరోజు ఒకే ఒక్క జబ్బును తీసుకుని మాట్లాడతాను.

అది కీలులో చీము పట్టడం. డాక్టర్లు సెప్టిక్ ఆర్థ్రయిటిస్ అంటారు. చర్మం మీది పుండు నుంచో, మరోచోటి ఇన్ఫెక్షన్ నుంచో, ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకుండానో క్రిమి రక్తంలో చేరి కీలులోకి దిగుతుంది. ఎక్కువసార్లు అది స్టెఫైలోకాకస్ ఆరియస్, అంటే మామూలు సెగ్గడ్డలకు కారణమయ్యే క్రిమే. పిల్లల్లో తుంటి, మోకాలు ఎక్కువగా దెబ్బతింటాయి. కీలు మూతి కట్టిన సంచి లాంటిది. లోపల చీము చేరితే ఒత్తిడి పెరుగుతుంది, ఎముకల చివర ఉండే మృదులాస్థి కరగడం మొదలవుతుంది. తుంటిలోనయితే తొడ ఎముక తలకు రక్తం అందకుండా పోవచ్చు. నష్టం గంటల్లో మొదలై రోజుల్లో శాశ్వతమవుతుంది.

1874లో లండన్‌లో టామ్ స్మిత్ అనే సర్జన్ పసివాళ్ళలో ఈ జబ్బు గురించి రాశాడు. ఆయన చూసిన 21 మందిలో 13 మంది చనిపోయారు. యాంటీబయాటిక్స్ వచ్చాక చావులు బాగా తగ్గాయి. కానీ ఆలస్యమైతే కీలు పాడవడం, కాలు పొట్టి కావడం, జీవితమంతా కుంటడం ఇప్పటికీ ఉంది. వైద్యం తెలియనిది కాదు. సూదితో కీలులోని ద్రవం తీసి పరీక్షించాలి, చీమును బయటికి తీసి కడగాలి, మొదట నరంలోకి, తర్వాత నోటి ద్వారా కొన్ని వారాలు యాంటీబయాటిక్ ఇవ్వాలి. జిల్లా స్థాయిలో జరగగలిగిన వైద్యమే ఇది. సమస్య అంతా సమయంతోనే.

గుర్తులేమిటో చూడండి. బిడ్డకు జ్వరం. కాలు మడిచి పక్కకు పడేసుకుని ఉంటుంది. గుడ్డ మార్చబోతే కెవ్వుమంటుంది. నడిచే బిడ్డ నిలబడనంటుంది. నెలల గుడ్డులోనయితే జ్వరం కూడా ఉండకపోవచ్చు, ఒక కాలో చెయ్యో కదపకపోవడమే గుర్తు. 1999లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు తుంటిలో చీమును అనుమానించడానికి నాలుగు విషయాలు చెప్పారు. 38.5 డిగ్రీలు దాటిన జ్వరం (మన లెక్కలో 101 పైన), కాలు మీద బరువు మోపకపోవడం, రక్తంలో ఇ.ఎస్.ఆర్. 40కి చేరడం, తెల్లకణాలు 12,000 దాటడం. ఈ నాలుగింటిలో రెండు ల్యాబ్ చెప్పాలి. మిగిలిన రెండూ బిడ్డను ఎత్తుకునే మనిషి చెప్పగలిగినవే. అంటే సగం రోగనిర్ధారణ తల్లి మాటలోనే ఉంది. ఆ మాటను ఎవరు వింటున్నారు?

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా పాపకు ఏడాదిన్నర వయసులో ఎడమ తుంటికి ఇది వచ్చింది. అప్పుడు నేనొక ప్రైవేటు బళ్ళో టీచరును. ముందురోజు దాకా ఇల్లంతా తిరిగిన పిల్ల పొద్దున లేచి కాలు నేల మీద పెట్టనంది. ఒళ్ళు కాలిపోతోంది. మా అత్త, "యాడో పడినట్టుంది, పసరు కట్టిద్దాంలే" అనింది. ఆమెను నేను తప్పుపట్టను. ఆమెకు జీవితంలో అందిన వైద్యం అదే. పాపను ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు గొంతు చూసి సిరప్ రాశాడు. కాలు సంగతి చెప్పబోతే, "జ్వరమొస్తే పిల్లలు నడుస్తారా అమ్మా, ఊరికే బెదురుకోవద్దు" అన్నాడు. మర్నాడు మళ్ళీ పోతే ఎక్స్‌రే తీసి ఎముక బాగుందని పంపించారు. ఈ జబ్బులో మొదటి రోజుల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చని నాకు తర్వాత తెలిసింది. మూడోనాడు మా ఆయన వెంట వచ్చి, "సార్, పాప కాలు కదిలించడం లేదు" అన్నాడు. డాక్టరు లేచి వచ్చి తుంటి తిప్పి చూశాడు. ఆ రాత్రే స్కానింగు, ఆపరేషను. రెండు రోజులుగా నేను చెబుతున్న మాటే అది. మగమనిషి నోటి నుంచి వచ్చాక దానికి బరువు వచ్చింది.

మేము పట్నంలో ఉన్నాం, చదువుకున్నవాళ్ళం. ఇక పల్లెల సంగతి ఆలోచించండి. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. కోసిగి, కౌతాళం వైపు నుంచయితే ముందు ఆదోని చేరాలి. ఊళ్ళో మొదట దొరికేది ఆరెంపీ. ఆయన వేసే ఒకటి రెండు సూదులకు జ్వరం తగ్గుతుంది, చీము మాత్రం కీలులో అట్లాగే ఉంటుంది. ఆ తర్వాత కట్లు కట్టేవాళ్ళ దగ్గరికి. చీము పట్టిన కీలును లాగి నూనె మర్దన చేస్తే బిడ్డ పడే బాధ చెప్పనక్కరలేదు. ఆ తర్వాత డబ్బు కావాలి, వెంట రావడానికి మనిషి కావాలి. వానలు పోయాక ఆ పల్లెల నుంచి సగం ఇళ్ళు సుగ్గికని గుంటూరు వైపు పత్తికీ మిరపకూ పోతాయి. మొగుడు అక్కడ, ఆమె ఇక్కడ. ఆయనకు చెప్పకుండా పోతే ఒక మాట, పోకపోతే ఇంకో మాట. జరిగిన ఆలస్యాన్ని 'తల్లి అజ్ఞానం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గంటలు ఎక్కడెక్కడ పోయాయో లెక్కవేస్తే ఆమె చేతిలో ఉన్నవి ఎన్ని?

వార్డులో సంగతి మరొకటి. పిల్లకు నడుము నుంచి పాదం దాకా పిండికట్టు. అది తడవకుండా శుభ్రం చేయడం, పక్కలు తిప్పడం, మందుల కోసం పరుగులు, రాత్రంతా సెలైన్ సీసా మీద కన్ను – అన్నీ తల్లి పనులే. ఆమెకు మంచం లేదు, తిండి లేదు, స్నానానికి చోటు లేదు. మా పక్క మంచం తల్లి చంకలో మూడు నెలల బిడ్డతో మంచం కిందే పడుకునేది. బ్రిటన్‌లో ఒకప్పుడు తల్లిని వార్డులో ఉండనిచ్చేవాళ్ళు కాదు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ళ పాప మీద సినిమా తీశాడు. 1959లో ప్లాట్ కమిటీ తల్లిదండ్రుల్ని రానివ్వాలనీ, పసిపిల్లల దగ్గర తల్లిని ఉండనివ్వాలనీ సిఫారసు చేసింది. అమలు కోసం తల్లులు సంఘం పెట్టి ఒత్తిడి తేవలసి వచ్చింది. మన దగ్గర తల్లిని ఎవరూ పొమ్మనరు. ఆమె లేకపోతే వార్డు నడవదు. కానీ ఆమె చేసేది పని అని ఏ రిజిస్టరులోనూ ఉండదు.

నాకు బడి నుంచి ఆ నెల జీతం రాలేదు, తర్వాతి నెల ఉద్యోగమే లేదు. మా ఆయన సెలవు పెట్టి వంతు వేసుకున్నాడు. మగవాడు పిల్ల గుడ్డలు మారుస్తుంటే వార్డంతా చూసి ఆశ్చర్యపోయింది. అట్లా ఆశ్చర్యపడే రోజులు పోవాలి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ కోసం 730 రోజుల సెలవు 2008లో వచ్చింది. పత్తి ఏరే తల్లికి ఒక్కరోజు కూడా లేదు.

ఇంటికి వచ్చాక కూడా పని అయిపోదు. కట్టు విప్పాక వ్యాయామం చేయించాలి. ఎముక పెరిగే వయసు దాటేదాకా కాళ్ళ కొలత చూపించుకుంటూ ఉండాలి. ఆడపిల్ల అయితే "కుంటిదైతే పెళ్ళెట్లా" అన్న మాట ముందు వస్తుంది, డాక్టరు దగ్గరికి పోవడం ముందు ఆగుతుంది. మా పాప ఎడమ కాలు రెండు సెంటీమీటర్లు పొట్టి. చెప్పు కింద అట్ట వేయించుకుని కాలేజీకి పోతోంది. ఆ రెండు రోజులు దక్కి ఉంటే అన్న ఆలోచన మాత్రం మాకు పోదు.

చట్టం ఏమంటోంది? 1992లో మన దేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణం బిడ్డకు వైద్యం హక్కు అంటుంది. రైలు నుంచి పడి దెబ్బతిన్న ఒక కూలీని ప్రభుత్వాసుపత్రులు వరసగా చేర్చుకోకపోతే, పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం సుప్రీం కోర్టుకు పోయింది. అత్యవసరంలో ప్రభుత్వాసుపత్రి సకాలంలో వైద్యం ఇవ్వకపోవడం 21వ అధికరణాన్ని, అంటే జీవించే హక్కును ఉల్లంఘించడమేనని 1996లో తీర్పు వచ్చింది. ఈ తీర్పు ఒక కూలి సంఘం సాధించింది. చీము పట్టిన కీలు కూడా అత్యవసరమేనని మనం చెప్పగలగాలి.

మనం చేయగలిగినవి కొన్ని చెప్పి ముగిస్తాను. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల సమావేశాల్లో ఈ ఒక్క వాక్యం నేర్పాలి: జ్వరంతో బిడ్డ కాలో చెయ్యో కదపకపోతే ఆరోజే పెద్దాసుపత్రికి, 108 పిలిచి పంపాలి. పసిగుడ్డయితే జ్వరం కోసం చూడకూడదు. మొగుడి కోసమో అత్త కోసమో ఆగకుండా తల్లి బయలుదేరేందుకు సంఘం పొదుపు నుంచి దారిఖర్చు తీసిపెట్టాలి, వెంట ఒక మనిషి పోవాలి. డాక్టరుతో "కాలు కదపడం లేదు, అది కేసు షీటులో రాయండి" అని అడగడం నేర్పాలి. కాగితం మీద తేదీ, టైముతో పడిన మాటను తోసేయడం కష్టం. పిల్లల వార్డులో తల్లికి పడక, భోజనం, స్నానాల గది కావాలని ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో అడగాలి. కాలు దెబ్బతిన్న బిడ్డలకు వికలాంగ సర్టిఫికెట్ ఇప్పించాలి. 2016 చట్టం ప్రకారం 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. ఊళ్ళలో ఇప్పటికే కుంటుతున్న పిల్లల్ని చూడండి, పసితనంలో ఏమైందని తల్లులను అడగండి. వాళ్ళు చెప్పేది రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.