మోటరు డబ్బా మొరాయించినప్పుడు



వరి పొట్టదశలో ఉన్నప్పుడు మడి ఎండిన యెడల ఎంత నష్టమో మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఈ నడుమ ఆ నష్టము ఒక వింత త్రోవన వచ్చుచున్నది. బోరులో నీరున్నది, కరంటున్నది, చేతిలోని ఫోను మోటరు నడుచుచున్నదని చెప్పుచున్నది. మడిలో మాత్రము తడి లేదు. పైరుల సంగతి చెప్పవలసినవాడు డబ్బాల సంగతి చెప్పుచున్నాడేమని మీకు తోచవచ్చును. నీరు పారుట ఆ డబ్బాను బట్టియే ఉన్నప్పుడు అదియు సేద్యపు పనిముట్టే గదా! నాగలి కర్రు అరిగినదో లేదో చూచుకొనునట్లే దానిని గూడ చూచుకొనవలెను.

వేములవాడ, సిరిసిల్ల ప్రాంతమునకు కరంటు నిచ్చు సహకార సంఘము, మనము సెస్ అని పిలుచునది, 1970లో ఏర్పడినది. కరంటు వంతుల ప్రకారము, అర్ధరాత్రి గూడ వచ్చుచుండిన రోజులలో మన రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకొనిరి. అందులో తప్పేమియు లేదు. చీకటిలో పాములకు, తెగిన తీగలకు వెరచి చేసిన ఏర్పాటది. 2018 జనవరి 1 నుండి ఇరువది నాలుగు గంటల సరఫరా మొదలైనప్పుడు వానిని తీసివేయుడని ప్రభుత్వము కోరినది. కారణము వినుడు. మోటరు లేచునప్పుడు, నడుచునప్పటి కంటె అయిదారు రెట్లు ఎక్కువ కరంటు లాగును. పోయిన కరంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ క్రింది మోటర్లన్నియు ఒక్కుమ్మడి లేచిన యెడల ఫీజులు ఎగిరిపోవును, ఒక్కొక్కప్పుడు ట్రాన్స్‌ఫార్మరే కాలును. ఫోను స్టార్టర్లలో ఆటో పద్ధతి గూడ ఉండును, ఎంత ఆలస్యముగా లేవవలెనో నిర్ణయించు వీలును ఉండును. ఆటో వాడక తప్పదనుకొనువారు పక్క పొలముల వారితో మాట్లాడుకొని, ఒకరు ఒక నిమిషము, మరొకరు మూడు నిమిషములు, ఇంకొకరు అయిదు నిమిషములు పెట్టుకొనుడు. పైసా ఖర్చు లేని పని.

ఇక ఫోను చేసిన పలుకని డబ్బా. దానిని విప్పి మెకానిక్కు వద్దకు మోసికొనిపోవుటకు ముందు సిమ్ము సంగతి చూడుడు. తొంబది దినములు ఏ వాడుకయు లేని నంబరును కంపెనీ రద్దు చేయవచ్చును. యాసంగి కోత ఏప్రిల్‌లో ముగియును, వానాకాలపు నాట్లు జూలైలో పడును. లెక్క చూచుకొనుడు! వేసవిలో నెలకొకసారి ఆ సిమ్ముతో ఒక కాల్ గాని సందేశము గాని నడిపించవలెను, రీచార్జి గడువు గూడ చూచుకొనవలెను. డబ్బాకు ఇంటర్నెట్టు అక్కరలేనిచో మాటలకు, సందేశములకు మాత్రమే పనికివచ్చు రీచార్జి చాలును. అట్టివి తప్పక అమ్మవలెనని ట్రాయ్ 2024 డిసెంబరులో ఉత్తరువిచ్చినది. పాత డబ్బాలు పెక్కు 2జి మీదనే పనిచేయును. జియోకు 2జి లేదు. కనుక ఆ సిమ్ము వానిలో ఎన్నటికిని పలుకదు. ఇనుప పెట్టెలో ఏరియల్ తీగను చుట్టిపెట్టుటయు కద్దు. ఇనుము సిగ్నలును అడ్డగించును. దానిని వెలుపలికి తీసి, ఎత్తుగా కట్టవలెను.

మోటరు నడుచుచున్నదను సందేశము మాటకు వత్తము. చవుక డబ్బా స్విచ్చి మూసికొన్నదని మాత్రమే చెప్పగలదు, నీరు పడినదని చెప్పలేదు. కొంచెము మంచి డబ్బాలు ఆంపియర్లు చూచి, బోరు వట్టిపోయిన యెడల మోటరును ఆపును. అది మాటిమాటికి ఆపుచున్నదని విసిగి, ఆ కాపలానే తీసివేయించువారు పలువురు. అట్లు చేయరాదు. బోరు నిండు ధార పోయునప్పుడు ఎన్ని ఆంపియర్లు లాగుచున్నదో మీటరుతో చూపించుకొని, డబ్బా తలుపు లోపల వ్రాసి పెట్టుడు. ఆ అంకెను బట్టి డబ్బాను సరిచేయించవలెను. ఆ పిమ్మటను ఆపుచున్న యెడల డబ్బా నిజమే చెప్పుచున్నదని, నీటిమట్టము దిగినదని తెలిసికొనుడు.

మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు ఆపు కాపలాను గూడ తప్పించవద్దు. రెండు ఫేజుల మీద నడిచిన మోటరు చుట్ట కాలిపోవును.

అన్నిటి కంటె ముఖ్యమైన మాట. పొలములో ఒకరు డబ్బా తెరచి చేయి పెట్టియుండగా, ఇంటి వద్ద కుమారుడు నాయనకు సాయము చేయుదమని ఫోను నొక్కిన యెడల ఏమగును? వెనుకటి స్టార్టరుకు ఈ అపాయము లేదు. నొక్కువాడు ఎదుటనే ఉండెడివాడు. కావున డబ్బా తెరచుటకు ముందు మెయిన్ స్విచ్చి కట్టివేసి, మూడు ఫీజులు ఊడదీసి మీ జేబులోనే వేసికొనుడు. టెస్టరుతో చూడక తీగను ముట్టవద్దు. చేతులు, కాళ్ళు తడిగా ఉన్నప్పుడు అసలే వద్దు. సిమ్ము తీసివేసితిమి గదా అని ధీమా పడరాదు. ఆటోలో ఉన్న డబ్బాకు ఫోనుతో పని లేదు. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మీరు పోవద్దు, అది లైన్‌మన్ పని.

ఆ విధముగా కరంటు తీసిన తరువాత చూడవలసినది మరలు. మర వదులైన చోట తీగ వేడెక్కి నల్లబడును. ఆ కొనను కత్తిరించి, క్రొత్త కొన తీసి, గట్టిగా బిగించవలెను. తీగలు దూరు రంధ్రములను మూయనిచో చీమలు, బల్లులు చేరును. మా అనుభవములో డబ్బా చెడినదని తెచ్చినప్పుడు చీమలు దులిపి మరలు బిగించుటతోనే లేచినవి చాలా ఉన్నవి.

ఫోను వచ్చిన పిదప మడికి పోవుట తగ్గినది, నీరు పెట్టుట హెచ్చినది. మడిలో రంధ్రములు గల గొట్టమును పాతి చూడుడు. అందులో నీరు నేలమట్టమునకు పదునైదు సెంటీమీటర్లు దిగువకు పోయినప్పుడు తిరిగి పెట్టిన చాలును. పూతకు ఒక వారము ముందు నుండి ఒక వారము తరువాత వరకు మాత్రము అయిదు సెంటీమీటర్ల నీరు నిలువ ఉంచవలెను. ఆ దినములలో ఫోను ఏమి చెప్పినను, ఉదయము ఒకసారి గట్టు మీదికి పోయి మీ కంటితో చూచి రండు.