క్రియాపదంలో కులం



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆ మాస్టారు నాకు ఆరో తరగతిలో తెలుగు చెప్పారు. మా తరగతిలో ముగ్గురు పెంచలయ్యలు. పెంచలకోన స్వామి పేరు లేని ఇల్లు మన పడమటి నెల్లూరులో అరుదే గదా! ఊళ్లో మాత్రం ఆ ముగ్గురికీ మూడు పిలుపులు: ఒకరు పెంచలరెడ్డి, ఒకరు పెంచలయ్య, మూడోవాడు పెంచలిగాడు. మాస్టారు హాజరు పిలిచేటప్పుడు ముగ్గురినీ ఇంటిపేరుతో సహా చివరి అక్షరం దాకా పిలిచేవారు. మూడోవాడు మొదట్లో పలికేవాడు కాదు. అది తన పేరేనని వాడికి తట్టేది కాదు. చూశారా, ఇన్నేళ్లకు కూడా ఇద్దరిని ‘ఒకరు’ అని, మూడో మనిషిని ‘వాడు’ అనేశాను.

సాహిత్యంలో అసమానత గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. తెలుగులో మనిషి స్థాయి తేల్చకుండా వాక్యం ముగించడం కష్టం. ఇంగ్లీషువాడికి ఒక్క మాటతో సరిపోతుంది. మనకు భూస్వామి ‘వచ్చారు’, పాలేరు ‘వచ్చాడు’, పాలేరు పెళ్లాం ‘వచ్చింది’, దాని వెనకాలే గొడ్డు కూడా ‘వచ్చింది’. కథలో పాత్రలు ఒకరినొకరు అలా అనుకుంటే అది లోకం తీరు. కథ చెప్పే రచయిత కూడా అలాగే అంటే అది ఆయన ఇచ్చిన తీర్పు. పీడితుల పక్షాన రాసిన కథల్లో కూడా ఈ తీర్పు ఎన్నిసార్లు కనబడిందో! దయ కథలో ఉంటుంది, కులం క్రియలో ఉంటుంది.

నెల్లూరు సభలో తిక్కన పేరెత్తకపోతే తప్పు. మనుమసిద్ధి కొలువులోని ఆ మహాకవి భారతాన్ని విరాటపర్వంతో అందుకున్నాడు. మహారాణి ద్రౌపది అక్కడ సైరంధ్రి, అంటే పనిమనిషి. కీచకుడు నిండు కొలువులో ఆమెను తంతే రాజు నోరు మెదపడు. చదివే మనకు రక్తం ఉడుకుతుంది. ఎందుకుడుకుతుంది? ఆమె రాణి అని మనకు తెలుసు కాబట్టి. ఆ కొలువులో నిజంగా దాసీగానే పుట్టిన ఆడమనిషి ఉంటే మన రక్తం అంతే ఉడికేదా? తప్పు తిక్కనది కాదు. ప్రశ్న పాఠకుడికి.

ఆరు వందల ఏళ్ల చిల్లర దాటి 1922కు వస్తాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ రాశారు. అచ్చయిన మరుసటి ఏడే తెల్లప్రభుత్వం దాన్ని నిషేధించింది. మాల కుటుంబాన్ని నవల నడిమధ్యన నిలబెట్టి, వాడుకభాషలో నడిపించిన పుస్తకం అది. కూలి కోసం నిలబడిన సంగదాసు భూస్వామి చౌదరయ్య దెబ్బకు చనిపోతాడు. నవలకున్న రెండో పేరు మాత్రం ‘సంగవిజయం’. ఓడి చచ్చినవాడి పేరిట విజయం రాయడం చిన్న సాహసం కాదు. అయినా ఆ ఇంటి పెద్ద రామదాసును చూడండి. వైష్ణవ భక్తుడు, తత్వం తెలిసినవాడు, శాంతమూర్తి. అన్ని సుగుణాలు పోగేస్తే తప్ప అప్పటి పాఠకుడు ఆయనకు నమస్కారం పెట్టడని ఉన్నవ వారికి తెలుసేమో. ద్రౌపది మారువేషంలో ఉన్న రాణి. రామదాసు మాలపల్లిలో ఉన్న ఋషి. మామూలు మనిషికి, కోపమొచ్చే, ఆకలేసే, అప్పుడప్పుడు తప్పుచేసే మనిషికి మర్యాద ఇంకా దక్కలేదు.

1941 నాటి ‘గబ్బిలం’లో జాషువ ఆ మనిషిని తెచ్చారు. అతనికి ఆకలుంది, కోపముంది. కాశీ విశ్వనాథుడికి కబురు పంపాలి. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. ఇతనికి దొరికింది గబ్బిలం, తనకు ప్రవేశం లేని గుడిలోకి తలకిందులుగానైనా వెళ్లగలిగిన ప్రాణి. దాన్ని ఆయన పద్యంలో రాయడం చూసి కొందరు పాతకాలపు పద్ధతి అంటారు. నాకలా అనిపించదు. లోకం ఇవ్వని ‘గారు’ను జాషువ పద్యం చేత ఇప్పించారు.

1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. ఆ నెత్తురు చూశాక దళిత రచయితలు ఒకరి దయ కోసం ఆగలేదు. తమ ఇంటి మాటతో తామే రాశారు. ఆ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది కాబట్టి దాటిపోతున్నాను.

పుస్తకాల్లో సరిగా దొరకనిది మన పక్క మండలంలో ఉంది. కలిగిరి మండలం దూబగుంట. 1991 ప్రాంతంలో మన జిల్లాలో ‘అక్షరదీపం’ రాత్రిబడులు నడిచాయి. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు పలక పట్టారు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం: తాగుడు వల్ల చితికిపోయిన పల్లెటూరి ఇల్లాలి కథ. సీతమ్మ రాణి కాదు, ఋషి కాదు. చదివేవాళ్లకు, కథలోని మనిషికి తేడా లేకపోయింది. ‘ఇది మన కథే గదమ్మే’ అనుకోవడానికి విమర్శకుడు అక్కర్లేదు. దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి రోశమ్మ గారితో కలిసి ఊళ్లోకి సారా రానివ్వలేదు. ఆ సంగతి మళ్లీ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై తరవాతి వాచకంలోకి ఎక్కింది, జిల్లా అంతా చదివింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకు సడలింది.

చదువు పుట్టించిన పని, పని పుట్టించిన పాఠం. తెలుగులో ఇంత ఫలితం చూపిన రచన ఇంకొకటి చెప్పమంటే నేను తడుముకుంటాను. అయినా నేను చదివిన ఏ సాహిత్య చరిత్రలోనూ సీతమ్మకు ఒక పేరా లేదు. వాచకం సాహిత్యమా అంటారు. ఏది సాహిత్యమో తేల్చే చోట కూడా మనకు ముందు వరస, వెనక వరస ఉన్నాయి.

రోశమ్మ గారు 2016లో పోయారు. ఊరి పేరే ఆమెకు ఇంటిపేరైంది. ఇప్పుడు నా మనవి. ఆ రాత్రిబడుల్లో కూర్చున్న అమ్మలు, అవ్వలు జలదంకి, కలిగిరి, వింజమూరు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఎవరింట్లోనైనా అటక మీదో ట్రంకుపెట్టెలోనో ఆ వాచకం ఉంటే పాతకాగితాలవాడికి వేయకండి. ఒక్క ప్రతి దొరికినా చాలు, బైండు చేయించి ఈ ఊరి బడిలో పెడదాం. ఖర్చు నాది.