ఎదురుచూపు వేరు, ఆశ వేరు

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పనిచేసే మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘కష్టకాలంలో ఆశ’ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. వినడానికి మెత్తగా ఉన్నా, స్త్రీల విషయానికి వచ్చేసరికి ఇది చిక్కు ప్రశ్న. ఎందుకంటే మన కుటుంబాల్లో ఆశ అనే మాటను ఎక్కువగా వాడేది స్త్రీలను ఉన్నచోటనే ఆపి ఉంచడానికి. మొగుడు తాగి కొడితే, పిల్లలు పెద్దయితే మారతాడు, ఓర్చుకో అంటారు. కూలి గిట్టకపోతే, వచ్చే ఏడు రేటు పెరుగుతుంది, ఆగు అంటారు. దుబాయి పోయిన మనిషి దగ్గర్నుంచి పైసలు రాకపోతే, అక్కడ ఏం కష్టంలో ఉన్నాడో, ఓపిక పట్టు అంటారు. ఈ మాటల్లో ఏ ఒక్కదానికీ గడువు లేదు. పూచీ పడే మనిషీ లేడు. గడువూ పూచీ లేనిదాన్ని ఆశ అనకూడదని, ఎదురుచూపు అనాలని నా అభిప్రాయం. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా మన పనికి చాలా ముఖ్యం. ఆ తేడా గురించే ఇవాళ మాట్లాడతాను.

2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడు పట్టణాలూ కరీంనగర్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లాలో, సిరిసిల్ల మరో జిల్లాలో ఉన్నాయి. జిల్లాలు విడిపోయాయి గానీ స్త్రీల బతుకుల్లో పోలిక పోలేదు. కొడుకు గల్ఫ్‌లో, అల్లుడు భీవండిలో సాంచెల మీద, తల్లీ కూతుళ్లు గడప దగ్గర చాట ముందేసుకుని బీడీలు చేస్తూ ఉండే ఇళ్లు మీకందరికీ తెలుసు. మగవాళ్ల వలస గురించి, మగ్గాల సంక్షోభం గురించి పత్రికలు రాస్తాయి. ఆ సంక్షోభం వచ్చిన నెలలో పొయ్యి ఆరకుండా చూసిన చాట గురించి మాత్రం ఎవరూ రాయరు.

అందుకే ముందుగా బీడీ గురించే చెప్తాను. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీలు చేసేసరికి ఒక స్త్రీకి పూటకు పూట గడిచిపోతుంది. మధ్యలో వంట, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. అయినా చాలాకాలం యజమానుల వాదన ఏమిటంటే, ఇంట్లో కూర్చుని చేసే స్త్రీ కార్మికురాలు కాదు, తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణి మాత్రమే. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇళ్లలో పనిచేసేవాళ్లను కూడా ఆ చట్టం కార్మికులుగా గుర్తించింది. యజమానులు కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. 1977లో ప్రావిడెంట్ ఫండ్ చట్టాన్ని బీడీ పరిశ్రమకు వర్తింపజేశారు. మళ్లీ కోర్టుకెక్కారు. 1985లో సుప్రీంకోర్టు, ఇంట్లో బీడీలు చుట్టే కార్మికురాలు కూడా ప్రావిడెంట్ ఫండ్ కిందికి వచ్చే ఉద్యోగే అని తేల్చింది. యజమాని కళ్లెదుట కార్ఖానాలో కూర్చోకపోయినా, తెచ్చిన బీడీలను ఏరి, బాగా లేవని తిప్పికొట్టే అధికారం యజమానికి ఉందంటే, ఆమె అతని అజమాయిషీ కిందే పనిచేస్తున్నట్టు లెక్క అన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పును కాస్త ఆగి ఆలోచించండి. కార్ఖానా దగ్గర చాటెడు బీడీలు పక్కకు తోసేసినప్పుడు మనవాళ్లు ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లు. ఆ అవమానమే, ఆ తోసివేతే, ఆమె కార్మికురాలని రుజువు చేసే సాక్ష్యమయింది. నిరాశ పుట్టినచోటనే హక్కుకు ఆధారం దొరికింది. అయితే ఆ ఆధారం దానంతట అది బయటికి రాలేదు. దాన్ని ఒకరు చూసి, రాసి, కోర్టు ముందు పెట్టాల్సి వచ్చింది. 1966 నుంచి 1985 దాకా 19 ఏళ్లు పట్టింది.

దాని ఫలితం ఈనాటికీ కనిపిస్తుంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవన భృతి మొదలయింది. 2019లో అది 2,016 రూపాయలయింది. ఆ భృతి రావాలంటే చూపాల్సింది పీఎఫ్ నమోదే. పీఎఫ్ లేకుండా, వేరొకరి కార్డు మీద బీడీలు ఇచ్చి వచ్చిన స్త్రీలు అంతే చాకిరీ చేసినా లెక్కలోకి రాలేదు. ఒకే వాకిట్లో కూర్చుని బీడీలు చేసిన ఇద్దరు తోడికోడళ్లలో ఒకామెకు భృతి ఉంటుంది, ఇంకొకామెకు ఉండదు. తేడా పనిలో లేదు, కాగితంలో ఉంది.

గెలిచింది కూడా నిలుస్తుందన్న హామీ లేదు. బీడీ కార్మికుల దవాఖానాలకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇళ్లకు డబ్బు సమకూర్చిన సెస్సు 1976 చట్టంతో వచ్చింది. 2017లో జీఎస్టీతో పాటు ఆ సెస్సు పోయింది. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1966 చట్టం వాటిలో కలిసిపోయింది. ఇంట్లో పనిచేసే స్త్రీ పేరు ఆ కోడ్‌లలో ఎక్కడుంది, ఎలా ఉంది అని సంఘాలన్నీ కూర్చుని చదవాల్సిన సమయం ఇది. బీడీ పని ఎల్లకాలం ఉండాలని నేను కోరుకోవడం లేదు. ఆ తంబాకు ధూళి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో మీకు తెలుసు. పొగాకు మీద ఆంక్షలు పెరిగినకొద్దీ పని దినాలు తగ్గుతున్నాయి. కూతురు చేతికి చాట రాకూడదని ప్రతి తల్లీ అనుకుంటుంది. ఆ తల్లి కోరిక నెరవేరడానికి ప్రభుత్వం ఏ పని చూపిస్తుంది, ఎప్పటిలోగా చూపిస్తుంది అని అడగడం కూడా మన బాధ్యతే.

ఇక గల్ఫ్ సంగతి. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్లలో ఎదురుచూపు అంటే ముందుగా గుర్తొచ్చేది ఇదే. భర్త పోయాడు, అప్పు మిగిలింది, ఫోను ఆగింది. అతను బతికి ఉన్నాడో లేదో తెలియనప్పుడు ఆమె భార్యా కాదు, విధవా కాదు. ఆ స్థితికి మన భాషలో పేరు కూడా లేదు. అత్తింట్లో ఆమె మాటకు విలువ తగ్గుతుంది, బయటికి వెళితే ఊరు నోరు చేసుకుంటుంది. 2005లో దుబాయిలో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో జైలుకు వెళ్లిన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురి విషయం మీకు గుర్తుంది. చనిపోయిన అతని కుటుంబం క్షమించిన తర్వాత కూడా ఏళ్ల తరబడి విడుదల జరగలేదు. దాదాపు 18 ఏళ్ల జైలు జీవితం తర్వాత, 2024 ఫిబ్రవరిలో వాళ్ల రాక పత్రికల్లో పెద్ద వార్తయింది. విమానాశ్రయంలో కన్నీళ్ల ఫొటోలు చూశాం. ఆ 18 ఏళ్లు ఇక్కడ ఇల్లు నడిపిన స్త్రీల గురించి, అటు నేపాల్‌లో మనిషిని పోగొట్టుకున్న ఇంటి స్త్రీల గురించి ఎంతమంది రాశారు?

ఈ ఎదురుచూపును కొంతైనా తగ్గించే మార్గాలు ఉన్నాయి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పంపిన ఏజెంటు ఆ బీమాను కూడా ఎగ్గొట్టినట్టే. 2015లో వచ్చిన ‘మదద్’ పోర్టల్‌లో ఇక్కడ ఉన్న భార్య, తల్లి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రాయబార కార్యాలయాల దగ్గర సంక్షేమ నిధి ఒకటి 2009 నుంచి ఉంది. దిక్కులేని శవాన్ని ఇంటికి చేర్చడానికి దాన్ని వాడమని అడగవచ్చు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం అందించాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఇవేవీ పోయిన మనిషిని తేవు. కానీ వీటిలో ప్రతిదానికీ ఒక దరఖాస్తు, ఒక తేదీ, జవాబు చెప్పాల్సిన ఒక అధికారి ఉంటారు. దేవుడి దిక్కు చూస్తూ కూర్చున్న స్త్రీ, ఒక ఆఫీసు దిక్కు తిరిగి అడగడం మొదలుపెట్టిందంటే, అది చిన్న మార్పు కాదు.

సిరిసిల్లలో నిరాశకు ఇంకో రూపం ఉంది. సేటు నూలు ఇస్తాడు, ఆసామి సాంచెలు నడిపిస్తాడు, కార్మికుడు పన్నెండు గంటలు నిలబడి నేస్తాడు. గిరాకీ పడిపోతే నష్టం పైనుంచి కిందికి జారుతూ వచ్చి చివరికి కార్మికుడి ఇంట్లో ఆగుతుంది. ఆ ఇంట్లో అప్పు తెచ్చే పని స్త్రీది. గ్రూపు లోను ఆమె పేరు మీద, సంతకం ఆమెది, వారం వారం వాకిట్లో నిలదీసేది ఆమెనే. 2010 అక్టోబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థలను అదుపు చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చే దాకా ఈ వేధింపులు ఎంత దూరం వెళ్లాయో మనం చూశాం. 1990ల చివరి నుంచి సిరిసిల్ల అంటే ఆత్మహత్యల ఊరనే పేరు పడింది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చినప్పుడు సాంచెలు నడిచాయి, ఇళ్లు కుదుటపడ్డాయి. 2024లో ఆ ఆర్డర్ ఆగినప్పుడు చావుల వార్తలు మళ్లీ వచ్చాయి. ఆ తర్వాత స్వయం సహాయక సంఘాల సభ్యులకు ఇచ్చే చీరల పని సిరిసిల్లకు అప్పగించారు. నేతన్న బీమా 2022 ఆగస్టు 7న మొదలయింది. మంచిదే. కానీ బీమా డబ్బు చావు తర్వాత వస్తుంది. పని బతికి ఉండగా కావాలి. చీర కట్టుకునే స్త్రీ, చీర నేసే ఇంటి స్త్రీ ఒకే బతుకమ్మ చుట్టూ తిరుగుతారు. వచ్చే ఏడు పని ఎంత, ఎప్పుడు, పాత బకాయి ఎప్పుడు అని ఇద్దరూ కలిసి అడగవచ్చు.

ఆత్మహత్యల గురించి ఇంకొక మాట. మగవాడు చనిపోతే నేత కార్మికుడి ఆత్మహత్య అంటాం. బీడీలు చుట్టి, కండెలు చుట్టి, అప్పు మోసిన స్త్రీ చనిపోతే రికార్డులో చాలాసార్లు గృహిణి అని రాస్తారు. కారణం కడుపునొప్పి, కుటుంబ కలహం అని రాస్తారు. బతికినప్పుడు లెక్కలోకి రాని శ్రమ, చచ్చినప్పుడు కూడా రాదు.

అందుకే ఒక స్త్రీ మన దగ్గరికి వచ్చి ఇక బతకలేననిపిస్తోంది అంటే, వెంటనే ధైర్యం చెప్పకండి. ధైర్యం చెప్పడం చాలాసార్లు ఆమె నోరు మూయించడమే అవుతుంది. ముందు విని, ఏడవనివ్వండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా ఉంచకండి. మానసిక వేదనకు 14416 నంబరు, హింసకు 181 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తాయి, అవి ఇవ్వండి. కానీ నంబరు ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. ఎల్లుండి పొద్దున పది గంటలకు నేను వస్తాను, ఇద్దరం కలిసి బ్యాంకుకు పోదాం అని చెప్పండి, చెప్పిన వేళకు వెళ్లండి. అన్నీ మంచిగైతయి అన్న మాట కంటే, ఎల్లుండి పది గంటలకు అన్న మాటలో బరువు ఎక్కువ. ఆమె దాన్ని పట్టుకుని రెండు రాత్రులు దాటగలదు.

ప్రతి సంఘం ఒక తేదీల పుస్తకం పెట్టుకోవాలని నా సూచన. ఎవరి సమస్య, ఏ ఆఫీసు, దరఖాస్తు ఇచ్చిన తేదీ, రసీదు నంబరు, మళ్లీ ఎప్పుడు పోవాలి, ఆమెతో ఎవరు పోతారు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల గడువు ఉంది. అయితే ఒక జాగ్రత్త. ఆమె పని మనం చేసిపెట్టి మరో రకం దళారులం కాకూడదు. రసీదు ఆమె చేతిలోనే ఉండాలి. ఒక్కతే పోతే రేపు రమ్మంటారు, పదిమంది పోతే కుర్చీ వేస్తారు. కాబట్టి పదిమందితో కలిసి పోవాలి. నెలకొకసారి ఆ పుస్తకాన్ని అందరి ముందూ చదవండి. అయినవీ చదవండి, కానివీ చదవండి. కానివాటిని దాచిపెడితే మనం కూడా ఎదురుచూపే పంచినవాళ్లమవుతాం.

ఈ పని చేస్తూ కార్యకర్తలు కూడా అలసిపోతారు. ఏం మారిందని అనిపిస్తుంది. అప్పుడు ఈ నేలను ఒకసారి తలుచుకోండి. వెట్టి ఎన్నటికీ పోదని, దొర గడి ముందు చెప్పులు విడిచే నడవాలని, ఆడవాళ్ల ఒంటి మీద కూడా దొరకు హక్కుందని నమ్మించిన ఊళ్లివి. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో కూలీలు, రైతులు కదిలారు. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత జరిగిన హింస గురించి, నష్టాల గురించి మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ వెట్టి తిరిగి రాలేదన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. శాశ్వతం అనిపించినది పోవడం ఈ ఊళ్ల ముసలవ్వలు కళ్లారా చూశారు. వాళ్లను మీ సమావేశాలకు పిలిచి ఆ సంగతులు పడుచు పిల్లలకు చెప్పించండి.

ఎదురుచూసే స్త్రీ ఒంటరిగా ఉంటుంది, ఆమె ముందు గడువు ఉండదు. ఆశ ఉన్న స్త్రీ పక్కన ఇంకొక స్త్రీ ఉంటుంది, ఇద్దరి ముందు ఒక తేదీ ఉంటుంది. ఆ రెండో స్త్రీగా ఉండడమే మన పని. వచ్చే సమావేశానికి ఎవరి తేదీల పుస్తకం వాళ్లు తెండి, కలిసి చదువుదాం.