రెండు వానల మధ్య



ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చిల్లర. ఈ అంకె పట్టాలు అందుకుంటున్న మీలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ జిల్లాలోని యాడికి మండలం రైతుకు మాత్రం దీంతో పెద్దగా పని లేదు. పదునైందని విత్తాక మళ్లీ వాన ఎన్నాళ్లకన్నదే ఆయన ప్రశ్న. చెనిక్కాయ ఊడలు దిగేటప్పుడు బెట్ట పడితే, ఆనక కుంభవృష్టి కురిసినా పోయిన దిగుబడి తిరిగిరాదు. ఏడాది చివర సగటు మాత్రం చక్కగా సరిపోతుంది!

ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ 1837లో కోర్టు తీర్పుల మీద రాసిన పుస్తకంలోని సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. సగటున ఐదు రోజులకో వాన, నాలుగు నెలల్లో 24 వానలు అనుకుందాం. ఏ వానకు ఆ వానే, ముందుదానితో సంబంధం లేదనీ అనుకుందాం. ఒక వాన వెలిశాక ఇరవై రోజులు దాటినా మరో చినుకు లేకపోయే అవకాశం నూటికి రెండు కూడా లేదు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అలాంటి ఎడం ఒక్కటైనా ఆ నాలుగు నెలల్లో ఎక్కడో ఒకచోట వచ్చే అవకాశం నూటికి 36.

ఈ లెక్కలో వానకు జ్ఞాపకం లేదు. పది రోజులు ఎండింది కాబట్టి రేపు పడాల్సిందేనన్న ఆశకు సూత్రంలో చోటు లేదు. అసలు వాన ఇంకా మొండిది. టెల్ అవీవ్ వానలను పరిశీలించి గాబ్రియేల్, న్యూమాన్ 1962లో చూపినట్టు, ఎండు రోజు వెంట ఎండు రోజే ఎక్కువగా వస్తుంది. కాబట్టి నా 36ను గుడ్డిగా నమ్మకండి. సూత్రం ఎక్కడ తప్పుతుందో వెతకడమే నాకు సూత్రం వాడటం కంటే ఇష్టమైన పని.

ఇది పరీక్ష కోసం చదివే లెక్క కాదు. 2003లో మహబూబ్‌నగర్‌లో చెనిక్కాయ, ఆముదం రైతులకు వర్షాధార బీమా మొదలైంది. పంట చూసి కాదు, వానమాపకం చూసి పరిహారం. మాపకం దగ్గర కురిసి, చేను మీద కురవకపోతే? ఆ చిక్కు నేటికీ తీరలేదు.

యాడికి మండలాఫీసులో రోజువారీ వాన లెక్క ఉంటుంది. అడిగి తీసుకోండి. 2.5 మిల్లీమీటర్లకు తక్కువ పడితే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కపెట్టదు, మీరూ లెక్కపెట్టకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతి రెండు వానల మధ్య ఎన్ని రోజులో రాయండి. యాడికికి 36 ఎక్కువో తక్కువో నాకు ఉత్తరం రాయండి.