రాత్రి కరెంట్ పోయింది, ఒళ్ళో నాలుగు నెలల పాప

మే నెల వచ్చేసింది కదా, ఈరోజు ఒక్కటే టాపిక్. రాత్రిపూట కరెంట్ పోతే, ఇంట్లో నెలల బిడ్డ ఉన్నవాళ్ళు ఏం చేయాలి?

మాది విజయవాడ, పై పోర్షన్. మా పాపకి నాలుగో నెల. మొన్న వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పోయి రాత్రి పదింటి నుంచి మూడింటి దాకా కరెంట్ లేదు. పై పోర్షన్‌లో ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలుసు. పగలంతా ఎండ తాగిన శ్లాబు, రాత్రి ఆ వేడి అంతా ఇంట్లోకే వదులుతుంది. అందుకే ఫ్యాన్ ఆగిన కాసేపటికే పాపని ఎత్తుకుని కింద ఆంటీ వాళ్ళ వరండాలోకి దిగిపోయాం. అర్ధరాత్రి తలుపు కొడితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పసిపిల్ల ఉందంటే ఎవరూ కాదనరు.

అక్కడ మొదలైంది అసలు గొడవ. అత్తయ్య గారు, "పిల్లకి గొంతెండిపోతోంది, ఉగ్గుగిన్నెతో కాసిన్ని నీళ్ళు పట్టవే అమ్మాయ్" అన్నారు. "వద్దత్తయ్యా, ఆరు నెలల దాకా నీళ్ళు వద్దన్నారు డాక్టర్ గారు" అన్నాను. "మీ ఆయనకి నేను పట్టలేదా? బతకలేదా?" అన్నారు. దీనికి సమాధానం ఏం చెప్తాం చెప్పండి!

కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం తగ్గకండి. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్ళే. ఎంత ఎండాకాలమైనా ఆరు నెలల లోపు బిడ్డకి అవి చాలు. విడిగా నీళ్ళు పడితే ఆ చిన్న పొట్ట నిండిపోయి పాలు తాగరు. ఎక్కువైతే ఒంట్లో ఉప్పు శాతం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. డబ్బా పాలు పట్టేవాళ్ళు కూడా ఎండ కదా అని నీళ్ళు ఎక్కువ కలపకండి, డబ్బా మీద రాసిన కొలతే. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయండి, బిడ్డ నోరు పెట్టాక అయితే గంటే. నీళ్ళు తాగాల్సింది మనం. నేనైతే ఆ రాత్రి చెంబుడు మజ్జిగ తాగి, పాప అడిగినప్పుడల్లా పాలిచ్చాను.

మరి బిడ్డకి సరిపోతోందని ఎలా తెలుస్తుంది? డైపర్ చూడండి. రోజుకి ఆరుసార్లు, ఆపైన తడుపుతుంటే భయం లేదు. ఒంటిగంటకి డైపర్ విప్పి బరువు చూపిస్తే, అప్పటికి అత్తయ్య గారు ఊరుకున్నారు. ఒప్పుకున్నారని కాదు, ఊరుకున్నారు! కానీ మాడు లోపలికి గుంటపడినా, నోరు ఎండినా, పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా, తెల్లారే దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం ఉందంటే వెంటనే హాస్పిటలే. చేతులూ కాళ్ళూ పట్టుకుని వేడి చూడకండి, మెడ వెనక, ఛాతీ మీద చూడండి.

ఒళ్ళు చల్లబడాలంటే జుబ్బా తీసేసి, మామూలు నీళ్ళలో తడిపి పిండిన పాత కాటన్ గుడ్డతో తుడిచి, విసనకర్రతో విసరండి. ఐస్ వాటర్ వద్దు. ఇంకోటి, పగలు కరెంట్ పోతే డాబా మీద నల్ల ట్యాంకు నీళ్ళు కాగిపోయి ఉంటాయి, ముందు మీ చేతి మీద పోసుకుని చూడండి. నేను పొద్దున్నే ఒక బకెట్ పట్టి పక్కన పెడతాను. చీర ఉయ్యాల కూడా ఆ టైంలో వద్దు, గుడ్డ చుట్టూ మూసుకుని గాలి ఆడదు. కిటికీకి తడి దుప్పటి కడితే అనంతపురంలో హాయిగా ఉంటుందేమో గానీ, మా కృష్ణా తీరం ఉక్కపోతలో జిడ్డు తప్ప చల్లదనం రాదు. దోమతెర పక్కన కొవ్వొత్తి మాత్రం అస్సలు పెట్టకండి.

ఇన్వర్టర్ కొనే స్తోమత అందరికీ ఉండదు. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంటే, చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ నాలుగైదు గంటలు తిరుగుతుంది. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది అదే. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఆ ఒక్క గదిలో బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టించుకోండి. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే ఇది 30 దగ్గరే లాగుతుంది, అదే బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుంది.

ఆఖరుగా, కంప్లైంట్ నంబర్ 1912. ఫోన్ చేస్తే సర్వీస్ నంబర్ అడుగుతారు. చీకట్లో బిల్లు ఎక్కడ వెతుకుతాం? ఇప్పుడే బిల్లు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సరే అండీ, పాప లేచినట్టుంది, ఉంటాను.