చెక్కుడు యంత్రము నిలిచినప్పుడు



చికిత్సకు ముందు నిదానము వలయును. రోగమేదో యెఱుగక మందిచ్చు వైద్యుని మనము మెచ్చము. కాని యంత్రము నిలిచినంతనే "మోటారు కాలినది, క్రొత్తది కొనవలయు"నని తొందరపడుదుము. ఈ తొందరవలన ధనము పోవుట యొకటి, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వచ్చుట మఱియొకటి.

తాండూరు చెంత నొక గ్రామమున ఒక వడ్రంగి యువకుడు తన యింటనే, తలుపులపై లతలను పద్మములను చెక్కు విద్యుద్యంత్రమును పెట్టుకొన్నాడనుకొందము. గృహప్రవేశపు ముహూర్తము దగ్గరపడినది, తలుపు సగము చెక్కబడినది, మోటారు నిలిచినది. అతడు అప్పునకై మీ యరుగు చెంతకు వచ్చును. అప్పిచ్చుటకు ముందు మీరడుగదగిన ప్రశ్నలనే నేడు విన్నవింతును.

మన తార్కికులు అన్వయవ్యతిరేకములని చెప్పుదురు. ఏది యున్నచో కార్యము కలుగునో, ఏది లేనిచో కలుగదో పరీక్షించి కారణమును నిర్ణయించుట యని దాని భావము. యంత్రపరీక్షకును ఇదియే మార్గము. వెలుపలినుండి లోపలికి, సులభమైనదానినుండి కష్టమైనదానికి పోవలయును.

మొదటి ప్రశ్న: "నాయనా, ప్లగ్గు తీసితివా?" స్విచ్చి కట్టినంత మాత్రమున చాలదు. ప్లగ్గు తీయక యంత్రముపై చేయి వేయరాదు. ఆగినదనుకొన్న మోటారు అకస్మాత్తుగా తిరిగినచో వ్రేళ్లు పోవును.

రెండవది: ఆ ప్లగ్గు పెట్టుచోటనే వేఱొక దీపము పెట్టి చూచెనా? దీపము వెలుగనిచో దోషము ఫ్యూజులోనో, ఇంటి వైర్లలోనో ఉండవచ్చును, మోటారే చెడినదని అప్పుడే యనరాదు. దీపము మసకగా వెలిగినచో వోల్టేజి చాలలేదు. మన యిండ్లకు 230 వోల్టులు రావలయును. వోల్టేజి తగ్గినప్పుడు పొలములోని బోరు మోటారు కాలిపోవుట మీరెఱిగినదే. అట్టి మోటారులో తిప్పు బలము వోల్టేజి యొక్క వర్గము ననుసరించి తగ్గును. వోల్టేజి నూటికి 10 పాళ్లు తగ్గినచో బలము 81 పాళ్లే మిగులును. సన్నని పొడవైన వైరు వేసి దూరమునుండి విద్యుత్తు తెచ్చుకొన్నను ఇట్టి నష్టమే.

మూడవది: వైరు మెడ వద్ద, అనగా ప్లగ్గులోనికిని యంత్రములోనికిని దూరుచోట్ల, మాటిమాటికి వంగి లోపల తెగినదేమో? పైతొడుగు బాగుగనే కనబడును; లోపలి రాగితీగ తెగియుండును.

నాలుగవది: ప్లగ్గు తీసియుండగా ఇరుసు చేతితో తిరుగుచున్నదా? బిగిసినచో, గరగరలాడినచో బేరింగు చెడినది. తాండూరు నాపరాళ్లకు ప్రసిద్ధి గదా. రాతికోత జరుగు తావుల చెంత రాతిదుమ్ము, చెక్కపొట్టు కలిసి బేరింగులోనికి, గాలి రంధ్రములలోనికి చొచ్చును. కావున రంధ్రముల నెప్పటికప్పుడు శుభ్రపఱచవలయును.

ఐదవది ముఖ్యము. ఇట్టి చిన్న చెక్కుడు యంత్రములు పెక్కింటిలో మోటారు నిమిషమునకు 10,000 మొదలు 30,000 చుట్లు తిరుగును. తిరుగుచున్న భాగమునకు విద్యుత్తు నందించునవి రెండు చిన్న బొగ్గుముక్కలు. వానినే కార్బను బ్రష్షు లందురు. ఇవి అరుగుటకే పుట్టినవి. పూర్తిగా అరిగినచో మోటారు మూగవోవును. మంచి మోటారే కాలినదని పాఱవేయుట తఱచుగా ఇచ్చటనే జరుగును. బ్రష్షులు మోటారుకంటె ఎంతో చౌక. రెంటిని ఒకేసారి మార్చవలయును. చిన్న నిప్పురవ్వలు సహజము. చుట్టును అగ్నివలయము కనబడినచో ఆపవలయును.

బ్రష్షులు లేని మోటారులు కొన్ని కలవు. అవి మ్రోయుచు తిరుగకున్నచో వెంటనే కట్టివేయవలయును. కండెన్సరు చెడియుండవచ్చును. ప్లగ్గు తీసినను కండెన్సరులో విద్యుత్తు నిలిచియుండును గనుక దానిని పనివాడే ముట్టవలయును.

ఇన్నియు సరిగనుండి, మాడిన వాసన వచ్చుచు, తీగచుట్టలు నల్లబడియున్నచో అప్పుడు వైండింగు దుకాణమునకు పంపుడు. యంత్రమును తాకినప్పుడు షాకు తగిలినచో ఏ పరీక్షయు వలదు. విద్యుత్తు ఆపి, ఎర్తు వైరుతో సహా పనివానిచేత చూపింపుడు.

చివరి ప్రశ్న: "ఎందుచేత చెడినది?" మొండియైన ఉలిముక్కతో గట్టి టేకును ఒక్క తడవలో లోతుగా చెక్కించినచో మోటారుపై భారము హెచ్చి అది వేడెక్కును. కారణము నట్లే విడిచి క్రొత్త మోటారు తెచ్చినచో అదియు పాతదాని వెంటనే పోవును. పలుచగా, పెక్కు తడవలుగా చెక్కుట, ఉలిని పదునుగా నుంచుట, నడుమ నడుమ విశ్రాంతి నిచ్చుట యంత్రమునకు పథ్యములు.

కావున పెద్దలారా! యువకుడు మీ చెంతకు వచ్చినప్పుడు ధనముకంటె ముందు ఈ ప్రశ్నలనిండు. సమాధానములు దొరకిన పిమ్మట అప్పు అవసరమైనచో అదియు ఇండు, అప్పుడది సద్వినియోగమగును.

స్వస్తి.